రెండెకరాలా, మూడెకరాల ముప్పై మూడు సెంట్లా: ఇస్లాం చెప్పే హక్కులు, పాశ్చాత్యులు చెప్పే హక్కులు

హంద్రీ_తీరం
డిసెంబరు 10న, మానవ హక్కుల దినం నాడు, కర్నూలులో నేను పాఠాలు చెప్పే కళాశాలలో వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం ఇస్లాంలోని మానవ హక్కులు, పాశ్చాత్య మానవ హక్కులు. మొదట మాట్లాడిన అబ్బాయి హక్కులన్నవి ఐరోపా లోకానికి పెట్టిన భిక్ష అన్నాడు. 1215 మాగ్నా కార్టా, 1789 ఫ్రెంచి ప్రకటన, 1948 ఐక్యరాజ్యసమితి ప్రకటన, అన్నీ వరసగా అప్పజెప్పాడు. తరువాత వచ్చిన అమ్మాయి ఇవన్నీ ఇస్లాం పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఇచ్చేసింది, ఇంకొకరి దగ్గర నేర్చుకోవలసింది ఏమీ లేదంది. ఇద్దరికీ చప్పట్లు పడ్డాయి, ఇద్దరికీ బహుమతులు వచ్చాయి. న్యాయనిర్ణేతల్లో నేనొకదాన్ని. మార్కులైతే వేశాను కానీ ఇంటికి వచ్చాక అన్నం సహించలేదు.

మా ఫుప్పూ, అంటే మా మేనత్త, గుర్తుకు వచ్చింది. కోడుమూరు దగ్గర మా దాదాకు, అంటే తాతకు, పది ఎకరాల పొలం ఉండేది. ఇద్దరు కొడుకులు, ఒక్క కూతురు. దాదీ ముందే పోయింది. ఇస్లాం లెక్కలో కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి రెండు. ఆ అబ్బాయి చెప్పిన సమానత్వం లెక్కలో తలా మూడెకరాల ముప్పై మూడు సెంట్లు. మా ఫుప్పూకు దక్కింది సున్నా. వేదిక మీద రెండెకరాలకూ మూడెకరాల ముప్పై మూడు సెంట్లకూ మధ్య యుద్ధం జరుగుతుంటే, సెంటు భూమి లేని మనిషి నంద్యాలలో అద్దె గదిలో కుట్టుమిషను తొక్కుతోంది.

ఈ రెండు ఆలోచనలకూ నిజంగా తేడా ఉందా? ఉంటే ఎక్కడ ఉంది? ఆ తేడా వల్ల మా ఫుప్పూకు ఒరిగేదేమిటి? తెలిసినవాళ్ళు చెప్పండి.

కడప_న్యాయవాది
ముందు నా ప్రశ్నలకు జవాబు కావాలి. ఆ పది ఎకరాలు మీ దాదా పేరు మీదే ఉండేవా? బతికి ఉండగా ఎవరికైనా రాసిచ్చారా? మీ ఫుప్పూ ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా?

ఎర్రమల
వకీలు గారు వచ్చారు, ఇక చర్చ కోర్టు మెట్లు ఎక్కినట్టే. నాకు మాత్రం తేడా సులువుగానే కనిపిస్తోంది. ఇస్లాంలో హక్కు దేవుడు ఇచ్చింది. పాశ్చాత్యుల హక్కు మనుషులు రాసుకున్నది. అంతే కదా?

పాత_పాఠం
అంత సులువైతే నేను అనంతపురంలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పనక్కర లేకపోయేది నాయనా. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తీసి చూడు. మనుషులకు విడదీయరాని హక్కులు ఇచ్చినవాడు సృష్టికర్త అనే రాసుకున్నారు. ఆ మాట మీద సంతకం చేసినవారిలోనే బానిసలను పెట్టుకున్నవారు ఉన్నారు. అక్కడ బానిసత్వం రద్దు కావడానికి 1865 దాకా పట్టింది. ముస్లిం పాలనలో ఉన్న ట్యునీసియా 1846లోనే రద్దు చేసింది. అలాగని ఆ వైపు పొంగిపోనక్కర లేదు, సౌదీ అరేబియా 1962 దాకా ఆగింది.

1948లో మాత్రం దేవుడి పేరూ ప్రకృతి పేరూ రెండూ లేకుండా ప్రకటన రాశారు. చైనా, లెబనాన్, ఫ్రాన్స్, భారత్ ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం మొదలు పెడితే అది ఈ రోజుకీ తేలేది కాదు. హక్కు ఉందని ఒప్పుకుని, ఎవరి కారణం వారి దగ్గర ఉంచుకున్నారు. దాన్ని నేను పెద్ద వివేకం అంటాను.

ఇంకో సంగతి. అసలు ‘హక్కు’ అనే మాట మనకు అరబ్బీ ‘హక్’ నుంచి వచ్చింది. సత్యం అని ఒక అర్థం, చెల్లవలసినది అని మరో అర్థం. అల్లాహ్ నామాల్లో అల్ హక్ ఒకటి. వకీలు, దావా, అర్జీ, జామీను, వారసుడు, ఇలా మన కచేరీ మాటలు ఎన్నో అరబ్బీ, పారసీల నుంచి వచ్చినవే. ఐరోపా ప్రకటనను మనం అరబ్బీ మాటతో తెలుగులో చదువుకుంటున్నాం.

వేరుశనగ_చేను
మాట సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు సార్. ఇంట్లో అందరికీ చెప్పాను.

హాఫిజ్_కడప
సార్ చెప్పిన రెండో అర్థం, చెల్లవలసినది అన్నది, అసలు తాళం చెవి. మా చదువులో హక్కులు రెండు రకాలు. హుఖూఖుల్లాహ్, అంటే దేవుడికి చెల్లవలసినవి. హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి మనుషులకు చెల్లవలసినవి. నమాజు తప్పితే పశ్చాత్తాపపడిన మనిషిని దేవుడు క్షమించవచ్చు. తోటి మనిషికి చెల్లవలసినది ఎగవేస్తే ఆ మనిషి క్షమించేదాకా గానీ, చెల్లించేదాకా గానీ అది మన మెడ మీదే ఉంటుంది. పాశ్చాత్య ఆలోచన ‘నాకు రావలసింది ఏమిటి’ అన్న చోట మొదలవుతుంది. మాది ‘నేను ఎవరికి బాకీ ఉన్నాను’ అన్న చోట మొదలవుతుంది.

సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఒక హదీసు, అంటే ప్రవక్త మాట, ఉంది. దివాలా తీసినవాడు ఎవడని ప్రవక్త అడిగారు. డబ్బూ సామానూ లేనివాడు అన్నారు అక్కడున్నవాళ్ళు. కాదు, నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూట కట్టుకుని వచ్చి, ఒకరిని తిట్టి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి ఉన్నందువల్ల ఆ పుణ్యమంతా వాళ్ళకు పంచి ఇచ్చుకోవలసి వచ్చినవాడు దివాలాకోరు అన్నారు. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల లోతు దాకా ఆ నేలే చుట్టుకుంటుందని ఇంకో హదీసు. అమ్మా, మీ ఫుప్పూ రెండెకరాలు జానెడు కాదు.

గుత్తికోట
హాఫిజ్ సాబ్, మాటలు బాగున్నాయి, మనసుకు తాకాయి కూడా. కానీ ఆ మెడకు చుట్టుకునే నేల ప్రళయదినాన చుట్టుకుంటుంది. అద్దె మాత్రం ఒకటో తేదీన కట్టాలి. ఎగవేసినవాడికి దేవుడి భయం లేకపోతే మీ పద్ధతిలో ఆమె వెళ్ళవలసిన గుమ్మం ఏది? పాశ్చాత్య ఆలోచన గొప్పతనం అక్కడే ఉంది. ఎగవేసినవాడి మంచితనం మీద ఆధారపడదు.

హంద్రీ_తీరం
@గుత్తికోట, గుమ్మం అన్నారు కాబట్టి చెబుతాను. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయాన్ని 2021లో మా కర్నూలులోనే తెరిచారు. ఫుప్పూను అక్కడికి తీసుకుపోదామని ఒకసారి విచారించాను. ప్రభుత్వ ఉద్యోగి హక్కును కాలరాస్తేనో, రక్షించవలసినవాడు నిర్లక్ష్యం చేస్తేనో వాళ్ళు చూస్తారు, అది కూడా జరిగిన ఏడాదిలోపు అర్జీ పెట్టుకుంటే. అన్నదమ్ములు భూమి ఇవ్వలేదంటే అది వాళ్ళ పని కాదు. పేరులో మానవ హక్కులు ఉన్న గుమ్మం మా ఊళ్ళోకే వచ్చింది, ఆమెకు మాత్రం తెరుచుకోలేదు.

పాత_పాఠం
అమ్మాయి తేడాను సరిగ్గా పట్టుకుంది. ఐరోపాలో హక్కుల పోరాటం రాజు మీద, రాజ్యం మీద జరిగింది. మాగ్నా కార్టా అయినా, ఇంగ్లండులో 1689 హక్కుల చట్టం అయినా, రాజు చేతులు కట్టడానికే. అన్న చేతులు కట్టే సంగతి అందులో లేదు. ఇంట్లో జరిగే అన్యాయం హక్కుల భాషలోకి రావడానికి మరో రెండు వందల ఏళ్ళ దాకా పట్టింది. పెళ్ళయిన ఆడమనిషి తన ఆస్తిని తన పేరున ఉంచుకోవడానికి ఇంగ్లండు చట్టం పూర్తిగా ఒప్పుకున్నది 1882లో. ఇస్లాం ఏడో శతాబ్దంలోనే మెహర్, అంటే పెళ్ళిలో వరుడు ఇచ్చే సొమ్ము, ఆమెది, వారసత్వం ఆమెది, మొగుడికి దాని మీద అధికారం లేదు అని చెప్పింది. ఈ ఒక్క విషయంలో పోటీలో మాట్లాడిన ఆ అమ్మాయి చెప్పింది నిజమే.

గుత్తికోట
నిజమే సార్, అప్పటికి ముందడుగు. కానీ ఏడో శతాబ్దంలో ముందడుగు వేసిన చోటే ఇరవై ఒకటో శతాబ్దంలో కూడా నిలబడితే ఎలా? ఖురాన్ నాలుగో అధ్యాయం కొడుకుకు ఇద్దరు కూతుళ్ళ వాటా అంటుంది. దాన్ని మార్చకూడదంటారు. 1990లో ఇస్లామిక్ దేశాల విదేశాంగ మంత్రులు కైరోలో చేసిన ప్రకటన చూడండి. ఇరవై అయిదు అధికరణాల్లో ఇరవై మూడు చదివితే ముచ్చట వేస్తుంది. ఇరవై నాలుగోది ఈ హక్కులన్నీ షరియాకు లోబడి ఉంటాయంటుంది, ఇరవై అయిదోది వీటికి అర్థం చెప్పే ఆధారం షరియా ఒక్కటే అంటుంది. ఆ షరియాకు అర్థం చెప్పేది ఎవరు? రాజ్యమే కదా. రాజ్యం చేతులు కట్టవలసిన తాడును రాజ్యం చేతికే ఇచ్చారు.

ఎడారి_చుక్క
మీ అందరంత చదువు నాకు లేదు. రాజంపేట వైపు మాది. తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేశాను. రెండు ఇళ్ళ సంగతి చెబుతాను.

మొదటి ఇంట్లో ముసలావిడను మామా అని పిలిచేదాన్ని. అయిదు పూటలా నమాజు. ఆవిడ తినే పళ్ళెం లోంచే నాకు పెట్టేది. నెల మొదటి రోజు పొద్దున్నే జీతం చేతిలో పెట్టి లెక్క చూసుకోమనేది. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయాలి, లేకపోతే రేపు నన్ను అడుగుతారు అని పైకి వేలు చూపించేది. ఆ ఇంట్లో చట్టం అనే మాట నేను వినలేదు, దాని అవసరమూ రాలేదు.

ఆవిడ పోయాక రెండో ఇల్లు. వాళ్ళూ నమాజు చేసేవాళ్ళే. వెళ్ళిన రోజే పాస్‌పోర్టు తీసుకున్నారు, తరువాత ఫోను తీసుకున్నారు. తెల్లవారుజామున అయిదు నుంచి రాత్రి ఒంటిగంట దాకా పని. ఆరు నెలల జీతం రాలేదు. మామా చెప్పిన చెమట మాటే వాళ్ళకు చెప్పాను, నవ్వారు. ఒక రోజు చెత్త పారేయడానికని వచ్చి టాక్సీ ఎక్కి మన దేశపు ఎంబసీకి పోయాను. అక్కడ ఒకావిడ చెప్పింది, కువైట్‌లో ఇంటి పనివాళ్ళ కోసం 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఉందని. పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదు. ఆ కాగితం చూపించాకే నాలుగు నెలల జీతం, పాస్‌పోర్టు వచ్చాయి.

మొదటి ఇంట్లో దేవుడి భయం నన్ను కాపాడింది. రెండో ఇంట్లో కాగితం కాపాడింది. ఏది గొప్పదని నన్ను అడిగితే చెప్పలేను. నాకు రెండూ కావలసి వచ్చాయి.

వేరుశనగ_చేను
అక్కా, మీ మాట చదివి చాలాసేపు ఊరకే కూర్చున్నాను.

ఎర్రమల
మిగిలిన రెండు నెలల జీతం?

ఎడారి_చుక్క
రాలేదు తమ్ముడూ. టిక్కెట్టుకు సరిపోయింది అన్నారు.

హాఫిజ్_కడప
అమ్మా, చెమట మాట ఇబ్ను మాజా సంకలనంలోని హదీసు. దాన్ని విని నవ్వినవాళ్ళ తరఫున నేను సిగ్గుపడుతున్నాను. గల్ఫ్‌లో పనివాళ్ళను యజమాని చేతికి కట్టేసే పద్ధతిని కఫాలా అంటారు. ఆ మాటకు మా ఫిఖహ్‌లో, అంటే ధర్మశాస్త్రంలో, అర్థం ఒకరికి పూచీ ఉండడం, జామీను నిలబడడం. బరువు మోసే మాట అది. ఆ పేరు పెట్టి మనిషిని ఇంకొకరి పాస్‌పోర్టు పెట్టెలో బిగించడానికి ఖురాన్‌లో గానీ హదీసులో గానీ ఆధారం లేదు.

గుత్తికోట గారికి జవాబు. కొడుకుకు రెండింతల వాటా ఎందుకంటే ఇంటి ఖర్చు, భార్యాబిడ్డల పోషణ, అవసరమైతే అక్కచెల్లెళ్ళ బాధ్యత మగవాడి నెత్తిన పెట్టారు. ఆడమనిషి సొమ్ము ఆమెదే, ఇంట్లో రూపాయి ఖర్చు పెట్టనక్కర లేదు. వాటాను ఒక్కదాన్నే తీసి చూస్తే అన్యాయంగా కనిపిస్తుంది, బాధ్యతతో కలిపి చూస్తే లెక్క సరిపోతుంది.

హంద్రీ_తీరం
హాఫిజ్ సాబ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మా ఫుప్పూ భర్తకు పక్షవాతం వచ్చి పన్నెండేళ్ళయింది. ఇల్లు నడిపేది ఆమె కుట్టుమిషను. పిల్లల ఫీజులు కట్టింది ఆమె. అన్నదమ్ములు రంజాన్‌కు ఒక చీర పంపారు. బాధ్యత మగవాళ్ళ నెత్తి మీద నుంచి జారి ఆమె నెత్తిన పడింది, వాటా మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. లెక్కలో ఒక వైపు మారితే రెండో వైపు మారాలా, వద్దా?

హాఫిజ్_కడప
ఇది నిజాయితీ ఉన్న ప్రశ్న. దాటవేయను. నా మనసులో ఖురాన్ చెప్పిన వాటా మారదు. కానీ దాటలేని హద్దు కూడా కాదు. తండ్రి బతికి ఉండగా హిబా, అంటే కానుక, ఇవ్వవచ్చు. బిడ్డలకు కానుక ఇచ్చేటప్పుడు సమానంగా ఇవ్వమని నోమాన్ బిన్ బషీర్ చెప్పిన హదీసు బుఖారీ సంకలనంలోనే ఉంది. మనసున్న తండ్రికి దారి ఉంది. ట్యునీసియాలో 2018లో సమాన వాటా బిల్లు మంత్రివర్గం దాకా వచ్చింది, పార్లమెంటులో ఆమోదం పొందలేదు. మావాళ్ళలో ఈ చర్చ జరుగుతూనే ఉంది. నేను పాత వైపే ఉన్నాను. అయితే బాధ్యత ఎగవేసి రెండింతలు మింగినవాడి వైపు ఏ మజ్‌హబూ, అంటే ఏ ధర్మశాస్త్ర సంప్రదాయమూ, లేదు.

కడప_న్యాయవాది
హిబా మాట వచ్చింది కాబట్టి ఒక పోలిక. ముస్లిం తన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయలేడు. సున్నీ చట్టంలో అయితే ఒక వారసుడి పేరున రాసింది మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. అంటే కోపం వచ్చిందని కూతుర్ని వీలునామాతో పూర్తిగా తీసేయడం కుదరదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పెద్దయిన బిడ్డకు ఏమీ ఇవ్వకుండా వీలునామా రాయవచ్చు, కొడుకైనా కూతురైనా. అక్కడ యజమాని స్వేచ్ఛ పెద్దది. ఇక్కడ వారసుడి భాగం పెద్దది. గుత్తికోట గారు ఇది కూడా తూకంలో వేయాలి.

గుత్తికోట
వేస్తాను. తెలియని సంగతి, ఒప్పుకుంటున్నాను. కానీ భూమి దగ్గరే ఆగిపోతే ఎలా? మతం మారే హక్కు మాటేమిటి? 1948 ప్రకటన పద్దెనిమిదో అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛ ఉందని నేరుగా రాసింది. సౌదీ అరేబియా ఓటు వేయకుండా తప్పుకుంది. మతం వదిలిన మగవాడికి మరణశిక్ష అని నాలుగు మజ్‌హబుల పాత పండితులూ రాశారు. నా దృష్టిలో అసలు గీత ఇక్కడ ఉంది. లోపలికి వచ్చే తలుపూ బయటికి పోయే తలుపూ ఒకే వెడల్పు ఉన్నప్పుడే అది విశ్వాసం.

పాత_పాఠం
ఆ ఓటు పూర్తి లెక్క చెప్పాలి. నలభై ఎనిమిది దేశాలు అవునన్నాయి, ఎనిమిది తప్పుకున్నాయి, కాదన్న దేశం లేదు. తప్పుకున్న ఎనిమిదిలో ముస్లిం దేశం సౌదీ అరేబియా ఒక్కటే. మిగతావి సోవియట్ కూటమి దేశాలు, యుగోస్లావియా, వర్ణవివక్ష నడుపుతున్న దక్షిణాఫ్రికా. ఈజిప్టు, సిరియా, ఇరాన్, టర్కీ, పాకిస్తాన్ అవునన్నాయి. పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ ఆ పద్దెనిమిదో అధికరణాన్నే సమర్థిస్తూ ఖురాన్ వాక్యం ఎత్తి చెప్పారు, ఇష్టమైనవాడు విశ్వసించవచ్చు, ఇష్టం లేనివాడు తిరస్కరించవచ్చు అని. ఆయన అహ్మదీయ అనే సమాజానికి చెందినవారు. 1974లో అదే పాకిస్తాన్ రాజ్యాంగాన్ని సవరించి ఆయన సమాజాన్ని ముస్లింలు కారని ప్రకటించింది. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. ఈ సంగతి పాఠం చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేసేది.

పాశ్చాత్యుల పుస్తకం కూడా తెరవాలి కదా. అవునని చెయ్యెత్తిన రోజున ఫ్రాన్స్ చేతిలో అల్జీరియా ఉంది. ఇక మన సీమ సంగతి. నిజాం 1800లో దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాడు, 1839లో కర్నూలు నవాబును కంపెనీ దించేసింది. 1689 హక్కుల చట్టం చేసుకున్న ఇంగ్లండే ఇక్కడ నేరస్థ తెగల చట్టం తెచ్చి, 1911 నుంచి మద్రాసు రాష్ట్రంలోనూ ఎరుకల బిడ్డను పుట్టుకతోనే దొంగ అని పట్టీలో రాసుకుంది. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

వేరుశనగ_చేను
సార్, ఆ 1948 ప్రకటనలోనే మన ఆడమనిషి చెయ్యి ఉంది. మొదటి వాక్యంలో ‘పురుషులందరూ’ అని అర్థం వచ్చే మాట ఉంటే హన్సా మెహతా పట్టుబట్టి ‘మానవులందరూ’ అని మార్పించారు. పాకిస్తాన్ నుంచి వెళ్ళిన షాయిస్తా ఇక్రాముల్లా పెళ్ళిలో ఆడామగా సమాన హక్కుల కోసం నిలబడ్డారు. కాబట్టి దాన్ని ఐరోపా సొత్తు అనడం నాకు నచ్చదు.

ఇక నా సంగతి. మేము హిందువులం, ధర్మవరం దగ్గర. ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 నుంచి కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన భాగం ఇస్తూ చట్టం సవరించింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మనం ఇరవై ఏళ్ళు ముందున్నామని అందరూ చెప్పుకున్నారు. మా అక్కకు 1984లో పెళ్ళయింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు ఆ సవరణ వర్తించదు. నాకు 1991లో అయింది. ఆ సవరణ ప్రకారం నాకు భాగం ఉంది, అక్కకు లేదు. ఇద్దరికీ దక్కింది మాత్రం ఒకటే, పసుపు కుంకుమల కింద తలా రెండు తులాల బంగారం. అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని అమ్మ ఏడ్చింది. మీ ఫుప్పూకు షరియా రెండెకరాలు ఇచ్చింది, నాకు హిందూ చట్టం సమాన భాగం ఇచ్చింది. ఇద్దరమూ ఒకే చోట నిలబడి ఉన్నాం.

ఎర్రమల
అయితే ఉమ్మడి పౌరస్మృతి వస్తే అన్నీ తీరిపోతాయి అంటారా?

వేరుశనగ_చేను
నాకు సమాన చట్టం ఉంది తమ్ముడూ. పొలం లేదు.

హంద్రీ_తీరం
హిజాబ్ వేసుకునేదాన్ని కాబట్టి నా తరఫున ఒక్క మాట. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ బడుల్లో తలగుడ్డను 2004లో నిషేధించారు. ముఖం కప్పుకోవడాన్ని 2010లో చట్టం చేసి ఆపారు, 2014లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాన్ని సమర్థించింది. టెహ్రాన్‌లో తలగుడ్డ వేసుకోకపోతే పట్టుకుంటారు, పారిస్‌లో ముఖం కప్పుకుంటే జరిమానా వేస్తారు. రెండు చోట్లా అమ్మాయిని ఎవరూ అడగలేదు. ఈ విషయంలో నాకు ఇద్దరి మీదా ఒకే కోపం.

కడప_న్యాయవాది
రెండు ఆలోచనలూ ఒకే తీర్పులో కలిసిన చోటు ఒకటి చూపిస్తాను. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒక్క దెబ్బన చెప్పే మూడు తలాకులు చెల్లవంది. అయిదుగురిలో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు రాజ్యాంగం పద్నాలుగో అధికరణం దారిలో వెళ్ళారు. మూడో న్యాయమూర్తి కురియన్ జోసెఫ్ ఖురాన్ దారిలోనే వెళ్ళి, ఇది ఖురాన్‌కే విరుద్ధం అన్నారు. ఏ ఒక్క దారినైనా మూసేసి ఉంటే తీర్పు అటు తిరిగేది కాదు. 2019లో వచ్చిన చట్టం భర్తకు మూడేళ్ళ దాకా జైలు పెట్టింది, దాని మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇక్కడ వద్దు.

అమ్మా, నా మొదటి ప్రశ్నలకు ఇంకా జవాబు రాలేదు.

హంద్రీ_తీరం
పొలం దాదా పేరు మీదే ఉండేది. ఎవరికీ రాసివ్వలేదు. దాదా మంచం పట్టినప్పుడు ఫుప్పూ చేత ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు, నాకు భాగం వద్దు అని. పెళ్ళికి జహేజ్, అంటే కట్నం, ఇచ్చాం కదా అన్నారు.

ఇప్పటిదాకా ఒక సంగతి చెప్పలేదు. ఆ ఇద్దరు కొడుకుల్లో పెద్దవారు మా అబ్బా, అంటే మా నాన్న. నేను చదువుకున్న ఫీజులో ఫుప్పూ పొలం పంట కూడా ఉంది. మార్కులు వేసే కుర్చీలో అందుకే కుదురుగా కూర్చోలేకపోయాను.

వేరుశనగ_చేను
ఈ మాట రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు తల్లీ.

కడప_న్యాయవాది
చెప్పినందుకు సంతోషం. ఇప్పుడు వినండి. 1937 షరియత్ చట్టం వ్యవసాయ భూమిని పక్కన పెట్టింది. ఆ మినహాయింపు చూపించి మన పల్లెల్లో ఇప్పటికీ పొలంలో ఆడవాళ్ళకు భాగం లేదంటారు. అది తప్పు. మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి, 1949లో మద్రాసు సవరణ ఆ మినహాయింపును తీసేసింది. కాబట్టి కోడుమూరు పొలంలో మీ ఫుప్పూకు అయిదో వంతు ఉంది, రెండెకరాలు.

ఇక ఆ వేలిముద్ర. తండ్రి బతికి ఉండగా వారసత్వం ఇంకా పుట్టదు. పుట్టని హక్కును వదులుకున్నానంటే మామూలుగా అది చెల్లదు. బదులుగా డబ్బు ముట్టిందని వాళ్ళు వాదిస్తే కొంత చిక్కు రావచ్చు, అందుకే కాగితం నకలు సంపాదించండి. ఆలస్యం మాత్రం చేయవద్దు. నీ భాగం లేదు పొమ్మని అన్నదమ్ములు ఖండితంగా చెప్పిన రోజు నుంచి పన్నెండేళ్ళ గడువు లెక్కకు వస్తుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 1987 చట్టంలో ఉంది.

గుత్తికోట
నోటీసు పంపండి. మొహమాటం వద్దు.

హాఫిజ్_కడప
నోటీసు ఎక్కడికీ పోదు గుత్తికోట గారూ. ముందు ఆమె తండ్రి దగ్గర కూర్చుని జానెడు నేల హదీసు చదవనివ్వండి. కూతురు చదివితే వినే తీరు వేరుగా ఉంటుంది. కోర్టు నోటీసు చేరిన ఇంట్లో తరువాత హదీసుకు చోటుండదు.

గుత్తికోట
ఇన్నేళ్ళూ శుక్రవారం శుక్రవారం మసీదులో విన్నారు కదా సాబ్?

హాఫిజ్_కడప
విని ఉంటారు. వాళ్ళ పేరు పెట్టి ఎవరూ చెప్పి ఉండరు. అందులో మా ఇమాముల తప్పు ఉంది.

ఎడారి_చుక్క
రెండూ చేయండి అమ్మా. ముందు మాట, వెనకాలే కాగితం.

హంద్రీ_తీరం
పన్నెండు రోజుల తరువాత వస్తున్నాను. అబ్బా దగ్గర కూర్చుని మొదట లెక్క చెప్పాను: నాలుగు, నాలుగు, రెండు. ఇప్పుడు అయిదు, అయిదు, సున్నా. తరువాత దివాలాకోరు హదీసు, జానెడు నేల హదీసు చదివాను. ఏమీ అనలేదు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఫజ్ర్ నమాజు తరువాత బీరువాలోంచి పట్టాదారు పాసుపుస్తకం తీసి నా ముందు పెట్టి, ఎకరా ఎటు వైపు ఇస్తే నీళ్ళు సులువుగా పారతాయో చూడమన్నారు. సాయంత్రం మేమిద్దరం నంద్యాల వెళ్ళాం. ఫుప్పూ తలుపు తీసి అబ్బాను చూసి లోపలికి పరిగెత్తి కుర్చీ తుడిచింది. ఆమె అలా తుడవడం నాకు ఓర్వరానిదిగా ఉండింది.

చచ్చా, అంటే మా చిన్నాన్న, మాత్రం ఒప్పుకోలేదు. అయిదు పూటలా ముందు వరసలో నిలబడే మనిషి. హదీసు నాకు నేర్పుతావా అన్నారు. వకీలు గారూ, అబ్బా ఒక్కరే ఎకరా ఇస్తే దస్తావేజు ఎలా రాయాలి?

కడప_న్యాయవాది
మీ చచ్చా సంతకం లేకుండా భాగపరిష్కారం కుదరదు. మీ అబ్బా తన అనుభవంలో ఉన్న దానిలోంచి ఎకరాకు మీ ఫుప్పూ పేరున రిజిస్టరు దస్తావేజు చేయించవచ్చు. ముస్లింలలో నోటిమాట హిబా చెల్లుతుంది కానీ రెవెన్యూ దస్త్రాల్లో పేరు ఎక్కడానికి రిజిస్టరు కాగితమే మేలు. ఇది పూర్తి భాగానికి బదులు అనే మాట అందులో ఎక్కడా రాకుండా చూసుకోండి. ఆ మాట వస్తే రెండో ఎకరా పోతుంది. ఆ రెండో ఎకరాకు మీ చచ్చాకు నోటీసు నేనే రాసిస్తాను, ఖర్చు అక్కర లేదు. పొలం దస్త్రాలు, అంటే అడంగల్, 1బి నకళ్ళు, పంపండి.

గుత్తికోట
హాఫిజ్ సాబ్, ఆమె అబ్బా విషయంలో మీరు చెప్పిందే జరిగింది, సంతోషం. చచ్చా విషయంలో నేను చెప్పింది జరిగింది. పద్దెనిమిదో అధికరణం మీద నా మాట మాత్రం అలాగే ఉంది.

హాఫిజ్_కడప
ఉండనివ్వండి. దాని మీద వేరే చర్చ మొదలు పెట్టండి, వస్తాను. నేను తప్పించుకోను.

హంద్రీ_తీరం
ఫుప్పూ పొద్దున ఫోను చేసింది. ఎకరాలో ఏం వేయాలని అడుగుతోంది. నాకేమి తెలుసు?

వేరుశనగ_చేను
నేల ఎర్రదా, నల్లదా?

హంద్రీ_తీరం
నల్లరేగడి.

వేరుశనగ_చేను
శనగకు ఈ ఏడు అదను దాటిపోయింది. ఎండాకాలంలో ఒకసారి లోతుగా దున్నించి వదిలేయమనండి. వానలకు కొర్ర వేసుకుని, అది కోసుకున్నాక అక్టోబరులో శనగ వేసుకోవచ్చు. విత్తనాలు నేను పంపిస్తాను, మీ ఫుప్పూ చిరునామా నాకు విడిగా పెట్టండి.